బాబాయి ఎవరి బిడ్డ?

అరవై రెండో ఏడు, 97వ రోజు

ఇది మెట్టపాలెం నీళ్ళ గది పుస్తకం. ట్యాంకుల మట్టం, ఉప్పు, క్రిముల లెక్క రాసి కింద సంతకం పెట్టాలి. సొంత మాటలు రాయకూడదని మొదటి పేజీలో ఉంది. అది నాకు ముందు పనిచేసినాయన సొంత మాట కాబట్టి నేను పట్టించుకోను.

నా పేరు వకుళ. పదకొండేళ్ళుగా ఈ గది నాదే. ఈ పదకొండేళ్ళలో నా సంతకం ఉన్న నీళ్ళు తాగి ఒక్కరికి కూడా కడుపునొప్పి రాలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు, పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. సరే, గొప్పే.

మూడో ట్యాంకు ఈ వారం రెండు వేళ్ళు తగ్గింది. కారణం మామూలే. తొమ్మిది వందల మందిమి వాడిన నీళ్ళనే వడగట్టి మళ్ళీ వాడుకుంటాం. తిప్పిన ప్రతిసారీ కాస్త ఆవిరై సందుల్లోంచి బయటికి పోతుంది. బయట మేదిని ఉంది. ఎండు గ్రహం, పోయిన చుక్కను తిరిగి ఇవ్వదు. ఇలాగే నడిస్తే ఏడేళ్ళకు ట్యాంకులు అడుగంటుతాయి.

అందుకే 170వ రోజున నౌక బాబాయి దగ్గరికి వెళ్తోంది. భూమి మీద వాళ్ళకు చందమామ ఉన్నాడట. ఆయన అక్కడే ఉండిపోయాడు కాబట్టి మా పెద్దవాళ్ళు ఇక్కడి ఆకాశంలో తిరిగేవాడికి బాబాయి అని పేరు పెట్టుకున్నారు. నౌక నడిపేది మా అక్క కనకం. నౌకకు ఇంధనం కూడా నీళ్ళే. నీళ్ళను విడగొట్టి మండిస్తాం. వెళ్ళడానికే ఊరు ఆరు నెలలు తాగే నీళ్ళు ఖర్చవుతాయి. తిరిగి రావడానికి కూడా ఇక్కడినుంచే పోస్తే ఊరు ఎండిపోతుంది. కాబట్టి తిరుగు ప్రయాణానికి నీళ్ళు అక్కడే తవ్వుకోవాలి. అక్కడ లేకపోతే అక్క తిరిగి రాదు.

ఉన్నాయా లేవా అన్నది ఊరి సభ నన్ను తేల్చమంది.

101వ రోజు

పుండరీకం గారు వచ్చారు. ఊళ్ళో రాళ్ళ సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కరే. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నౌకలో మూడో సీటు పట్టారు, రాళ్ళు పరీక్షించడానికి. రెండో సీటు బోరు వేసే దాలినాయుడిది.

నేను జల్లెళ్ళు కడుగుతుంటే ఆయన స్టూలు మీద కూర్చుని బాబాయి పుట్టుక విప్పారు. ఆయన ఇది ముప్పై ఏళ్ళుగా చెబుతున్నారు, నేను పదకొండేళ్ళుగా వింటున్నాను. అయినా చెప్పనిస్తాను, ఎందుకంటే బాగా చెబుతారు.

"ఇంత పెద్ద చంద్రుడు ఒక రాతి గ్రహం పక్కన ఎలా చేరతాడమ్మాయ్? నాలుగే దారులు. ఒకటి, ఇద్దరూ ఒకే ధూళిలో పక్కపక్కన పుట్టిన కవలలు. అదే అయితే బాబాయి కడుపులో కూడా మేదినిలో ఉన్నంత వంతు ఇనుము ఉండాలి. లేదు, సైజుకు చాలా తేలిక. రెండు, మేదిని గిరగిరా తిరిగి తిరిగి తన ముక్క తనే విసిరేసింది. అంత వేగం ఎన్నడూ లేదు, లెక్క కుదరదు. మూడు, మేదినిని ఇంకో గ్రహం వచ్చి గుద్దింది, ఎగిరిన కరుగు అంతా ముద్దకట్టి బాబాయి అయ్యాడు. అంటే బిడ్డ."

"నాలుగోది మీది."

"నాలుగోది నాది. ఎక్కడో చల్లటి చోట పుట్టి, దారి తప్పి వచ్చి, మేదిని పట్టుకుంటే ఇక్కడే ఉండిపోయాడు. ఇల్లరికపు అల్లుడు. ఆకాశంలో వాడు తిరిగే దారి ఎంత వాలుగా ఉందో చూడు, ఇంట్లో పుట్టినవాడు అలా నడుస్తాడా?"

ఈ తేడా మాకు కావాల్సింది చదువు కోసం కాదు. బిడ్డ అయితే ఆ గుద్దుడు వేడికి లోపలి తడి అంతా ఆవిరైపోయి ఉంటుంది. ఎంత లోతు తవ్వినా ఎండు రాయే. అల్లుడు అయితే పుట్టింటి చల్లదనం ఇంకా ఒంట్లో ఉంటుంది, మైదానంలో ఎక్కడ బోరు వేసినా తడి రాయి తగులుతుంది. అక్క దిగబోయేది మైదానంలోనే.

పరీక్షించడానికి రాళ్ళ కొరత లేదు. మొదటి తరం వాళ్ళు ఇక్కడికి వస్తూ బాబాయి మీద ఒకసారి ఆగి, బస్తాల నిండా రాళ్ళు తెచ్చారు. కొత్తగా ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబానికీ గోదాములోంచి ఒక రాయి ఇస్తారు. దాన్ని గడప పక్కన నాటుకుంటాం. నలభై ఇళ్ళ నుంచి ఆ రాళ్ళు ఎరువు తెచ్చుకున్నాను.

106వ రోజు

ఉన్నాయి! నలభై రాళ్ళలోనూ నీళ్ళు ఉన్నాయి. పైపొర గీకి, వేడి చేసి, వచ్చిన ఆవిరి కొలిచాను. రాతి గాజు కొంత బంకమన్నుగా మారి ఉంది. నీళ్ళు తగలందే అలా మారదు. బాబాయి తడిమనిషి.

కాగితం రాసి సంతకం పెట్టాను. పుండరీకం గారు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా, నేను చూడనట్టు జల్లెడ సర్దుకున్నాను.

అక్క వచ్చి నా నెత్తి మీద మొట్టింది. "నీ సంతకం ఉంటే చాలే. నేనింక మ్యాపు కూడా చూడను."

చాలా సంతోషంగా ఉంది. రాసుకోవడానికి మొహమాటం ఎందుకు, ఈ ఊరికి నాకంటే పనికొచ్చిన మనిషి ఈ వారం ఎవరూ లేరు.

118వ రోజు

రేపు శుక్రవారం. ఎవరి రాయి వాళ్ళకు ఇచ్చెయ్యాలి. నలభై రాళ్ళూ బల్ల మీద పెట్టి ఇంటి నంబర్ల వరసలో సర్దాను, వీధిలో తిరగడం తేలికని. ఒక్కో రాయి మీద దాని తాలూకు అంకె చీటీ అంటించి ఉంది. ఆ అంకె బరువు హైడ్రోజన్‌ది. నీళ్ళలో ఉండే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం తేలికది, లక్షకు ఏ కొన్నో బరువువి. ఏ చోటి నీళ్ళకు ఆ చోటి నిష్పత్తి ఉంటుంది.

రాళ్ళలో ఆ అంకె ఇరవై ఆరు నుంచి నలభై దాకా రకరకాలుగా వచ్చింది. రాళ్ళు రకరకాల చోట్ల ఏరినవి కదా అని పుండరీకం గారు అన్నారు, నేనూ ఊకొట్టాను.

ఇప్పుడు వరసలో పెట్టి చూస్తే, ఒకటో నంబరు ఇంటిది ఇరవై ఆరు. తొమ్మిదోది ఇరవై ఏడు. యాభయ్యోది ముప్పై ఒకటి. నూట నలభయ్యోది ముప్పై ఆరు. పోయినేడాది పెళ్ళయిన జంటది, రెండు వందల పదకొండో నంబరు, నలభై.

మా ఊళ్ళో ఇళ్ళ నంబర్లు కట్టిన వరసలోనే ఉంటాయి. ఏ ఇంటి గృహప్రవేశం ఎప్పుడైందో బాబాయికి ఎవరు చెప్పారు?

స్టూలు మీద కూర్చుండిపోయాను.

ట్యాంకుల పాత పుస్తకాలు తీశాను. మొదటి ఏడు మా నీళ్ళలో బరువు హైడ్రోజన్ లక్షకు పదహారు. తేలికవి ముందు ఆవిరై పోతాయి, బరువువి మిగిలిపోతాయి. అందుకే ఏటేటా ఆ అంకె పెరుగుతూ వచ్చింది. ఈ ఏడు నలభై ఒకటి. పాత ఇంటి రాయి పాత నీళ్ళూ కొత్త నీళ్ళూ కలిపి తాగింది. కొత్త ఇంటి రాయి కొత్త నీళ్ళే తాగింది. ఆ రాళ్ళలో ఉన్నవి మా ట్యాంకు నీళ్ళు.

ఎలా చేరాయి? ఎలా ఏమిటి. ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తాం. గడప పక్కన రాయిని కూడా. ఇంటికి ఒక గ్లాసు. స్నానానికి తడిగుడ్డతో సరిపెట్టుకునే ఊరు, ఆ ఒక్క గ్లాసు మాత్రం ఎవరూ మానలేదు. నేను కూడా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కడుగుతున్నాను. చుక్క చుక్క లెక్క రాసే నేను ఆ గ్లాసును ఒక్కరోజు కూడా నీళ్ళుగా అనుకోలేదు. అది పసుపునీళ్ళు.

పైపొర గీకి పరీక్షించాను చూడండి. అరవై ఏళ్ళు కడిగిన పైపొర.

119వ రోజు

అనుమానం మీద ఊరిని హడలగొట్టను. లోపల చూడాలి. అంటే రాయి పగలగొట్టాలి.

పక్కింటి వరాలమ్మ పిన్నికి రాయి తిరిగి ఇస్తూ, పగలగొట్టనిస్తావా అని అడిగాను. రాయిని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో బైఠాయించింది.

"ఏటే గుంటా, మతిపోయిందేటి నీకు? గడప రాయి పగలగొట్టీసి ఇంట్లో ఎలాగుంటారే ఎవులైనా?"

"కనకం అక్క ప్రాణం మీదికొచ్చింది పిన్నీ."

ఆవిడ ఒళ్ళో రాయిని ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాత, "అయితే మీ రాయి పగలగొట్టు. నానొచ్చి పక్కన నిల్చుంతాను. ఏటైనా అయితే ఇద్దరికీ అవుద్ది," అంది.

వచ్చి నిలబడింది కూడా. మా ఇంటి రాయిని రంపంతో నడిమికి కోశాను. అంచు చుట్టూ గోధుమరంగు, గోటి మందం. లోపలంతా నల్లగా, పొడిగా, ఇప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు మెరుస్తోంది. లోపలి పొడి వేడి చేస్తే ఆవిరి సున్నా. జింకు దాదాపు సున్నా. వేడికి ముందే ఎగిరిపోయే సరుకు ఏదీ లేదు. పోయినసారి కొలవనిది ఈసారి కొలిచాను, ఆక్సిజన్ రకాల పాళ్ళు. అది రాళ్ళకు ఇంటిపేరు లాంటిది, ఎక్కడ పుట్టిన రాయికి అక్కడిది. బయటి మేదిని రాయితో పోల్చాను. తేడా లేదు. అల్లుడి ఇంటిపేరు వేరుగా ఉండాలి కదా.

బాబాయి మేదిని బిడ్డే. కరిగి, కాలి, ఎండిపోయి పుట్టినవాడు. పోయినసారి నన్ను నీళ్ళు కొలవమన్నారు, నీళ్ళే కొలిచాను. అడిగినదాన్ని మించి ఒక్క అడుగు వెయ్యలేదు. తప్పు నాది.

120వ రోజు

ముందు అక్కకు చెప్పాను. నౌక కింద పడుకుని గొట్టాలు బిగిస్తోంది. బయటికి రాకుండానే అంతా విన్నది.

"అంటే నేను దిగి, తవ్వి, తవ్వి, అక్కడే..."

"అవును."

"నీ సంతకం చూసుకుని."

"అవును అక్కా."

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఏడవకు, నీళ్ళు వేస్టు," అంది. "తప్పని నువ్వే పట్టుకున్నావు కదా. మరి ఒప్పు ఏంటో కూడా నువ్వే చెప్పు. నౌక నాకు ఊరికే ఉంచుకోవడానికి ఇవ్వలేదు."

పుండరీకం గారికి చెప్పడం ఇంకా కష్టమైంది. కోసిన రాయి చేతికిచ్చాను. భూతద్దంతో చాలాసేపు చూశారు.

"ముప్పై ఏళ్ళమ్మాయ్," అన్నారు. తర్వాత రాయి తిరగేసి మళ్ళీ చూశారు. "ఎంత అందంగా ఉందో చూడు. కరుగులోంచి గడ్డకట్టిన తీరు. నేను అంత గుద్దుడు జరగదనుకున్నాను. జరిగింది." ఓడిపోయిన మనిషి అలా మురిసిపోవడం నేనెక్కడా చూడలేదు. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

ఇద్దరం కూర్చుని మొదటినుంచి ఆలోచించాం. బిడ్డకు తల్లి ఇచ్చిన నీళ్ళు లేవు, సరే. పుట్టి చల్లారిన తర్వాత ఎవరూ ఏమీ పెట్టలేదా? తోకచుక్కలు గుద్దుతూనే ఉన్నాయి, బాబాయి మొహం నిండా వాటి గుంటలే. వాటిలో మంచు ఉంటుంది. ఎండ తగిలిన చోట అది నిమిషాల్లో పోతుంది. ఎండ తగలని చోటు ఉంటే?

"దక్షిణ ధ్రువం దగ్గర లోతు గుంటలున్నాయి," అన్నారాయన. "సూర్యుడు అక్కడ అంచు మీదే పాకుతాడు. ఆ గుంటల అడుగున మూడు వందల కోట్ల ఏళ్ళుగా ఎండ పడలేదు. నా అల్లుడికి ఆ గుంటలతో పని లేకపోయింది. అందుకే ఇంతకాలం వాటివైపు చూడనేలేదు."

124వ రోజు

సభ జరిగింది. అధ్యక్షురాలు దమయంతి గారు అడిగిన మొదటి ప్రశ్నే సూటిగా ఉంది.

"పద్దెనిమిది రోజుల కిందట నువ్వే కదమ్మా మైదానంలో నీళ్ళున్నాయని సంతకం పెట్టావు?"

"పెట్టానండి. తప్పు. ఎందుకు తప్పో ఈ రాయి చూపిస్తుంది." కోసిన రాయి చేతులు మారింది. అందరూ గోధుమరంగు అంచును వేలితో తడుముతున్నారు. ఆ అంచు మనందరి శుక్రవారాలే అని చెప్పినప్పుడు ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. వరాలమ్మ పిన్ని రెండూ చేసింది.

"గుంటల్లో మంచు ఉందని రుజువుందా?"

"లేదండి. ఉండడానికి కారణం మాత్రం ఉంది. మైదానంలో లేదనడానికి రుజువే ఉంది."

"సంతకం పెడతావా?"

"పెడతాను. అయితే ఈసారి కాగితం మీద పెట్టి ఇంట్లో కూర్చోను. నేనూ వెళ్తాను."

పుండరీకం గారు లేచారు. "సీటు నాది. ఆ అమ్మాయికిస్తున్నాను. అక్కడ కావలసింది రాళ్ళ మనిషి కాదు, నీళ్ళ మనిషి."

గుంటలకే వెళ్దామని చేతులెత్తిన వాళ్ళు మూడు వందల నలభై. ఎత్తనివాళ్ళు మూడు వందల ఇరవై రెండు. అక్క మాత్రం నన్ను చూసి తల అడ్డంగా ఊపుతోంది. ఇంటికొచ్చాక తిట్టింది, పాత తిట్లు అయిపోతే కొత్తవి కల్పించి మరీ తిట్టింది. నేను బట్టలు సర్దుకున్నాను.

176వ రోజు, బాబాయి దక్షిణ ధ్రువం

నీళ్ళ పుస్తకం నీళ్ళ దగ్గర ఉండాలి కాబట్టి వెంట తెచ్చాను.

దిగాం. మైదానం అయితే కళ్ళు మూసుకుని దిగేదాన్నని అక్క అంటోంది. ఇక్కడ గుంట అంచు రంపంలా ఉంది, అడుగు కనిపించదు, దీపాల వెలుతురులో దింపింది. చివరి ఇరవై గజాలు సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. నౌక కాళ్ళు నేలను తాకాక అక్క, "చూశావా, ఎలా దింపానో?" అంది. గొప్ప చెప్పుకోవడం మా ఇంట్లో నా ఒక్కదానికే వచ్చిన విద్య కాదు.

గాలి తొమ్మిది రోజులకు ఉంది.

177వ రోజు

దాలినాయుడు బయటికి అడుగు పెట్టి కేక పెట్టాడు. నౌక చుట్టూ నేలంతా తెల్లగా ఉంది. తొడుగు వేలితో గీకితే పొడి పొడిగా లేస్తోంది. మంచు!

"ఓరి నాయనో! బోరెయ్యక్కర్లేదే, చీపురుతో ఊడ్సుకోవచ్చు!"

అక్క అప్పుడే రేడియో మీట మీద చెయ్యి వేసింది. నేను ఆ చేతిని పట్టుకున్నాను.

"ఆగు. కొలవనీ."

"తెల్లగా ఎదురుగా కనిపిస్తుంటే కొలిచేదేంటే? అక్కడ ఊరంతా చెవులప్పగించి కూర్చుంది!"

"ఆ రాళ్ళలో కూడా నీళ్ళు ఎదురుగానే కనిపించాయి."

చెయ్యి తీసేసింది. చెంచాడు మంచు తెచ్చి కరిగించి, వెంట తెచ్చిన కొలత మిషనులో పోశాను. లక్షకు నలభై ఒకటి.

మా ట్యాంకు నీళ్ళే. దిగేటప్పుడు నౌక వదిలిన ఆవిరి ఈ చలికి గడ్డకట్టి నేల మీద పడింది. మా ఊరి ఆరు నెలల దాహంలో చివరి ముక్క చుట్టూ పరుచుకుని ఉంది. ఊడ్చుకుంటే రెండు బకెట్లు అవుతుంది.

అక్క అంకె చూసింది. వెళ్ళి తన సీట్లో కూర్చుంది. నాకు భయం వేసింది. ఇక్కడిదాకా వచ్చాక మొదటిసారి.

181వ రోజు

నౌక ఊపిరి చేరని చోటు కావాలి. గుట్ట అవతల ఇంకో గుంట ఉంది. నాలుగు కిలోమీటర్లు, బోరు బండి లాక్కుంటూ. మొదటి బోరు రెండు మీటర్లు వేశాం. పొడి. రెండోది మూడు మీటర్లు. పొడి. దాలినాయుడు బోరు మొనకున్న బిట్టు మార్చాడు. మూడోది నాలుగు మీటర్లు, పొడి. గాలి నాలుగు రోజులకు ఉంది.

"నీకు ఇప్పుడు కూడా నమ్మకం ఉందా?" అని అక్క హెల్మెట్లో అడిగింది.

"ఉంది. బాబాయి ఎలా పుట్టాడో నాకు తెలుసు. ఎలా పుట్టాడో తెలిస్తే ఎక్కడ లేదో తెలుస్తుంది. ఇంక మిగిలిన చోటు ఇదే."

"ఇదీ కాకపోతే?"

"నేను నీ పక్కనే ఉన్నాను కదా."

"అదేనే నా బాధ," అంది. తర్వాత తనే బోరు బండి తాడు భుజానికి వేసుకుని గోడవైపు నడిచింది, నీడ ఇంకా చిక్కగా ఉన్న చోటికి.

182వ రోజు

నాలుగో బోరు. మీటరున్నరకు బిట్టు అదురు మారిందని దాలినాయుడు చేత్తో సైగ చేశాడు. గొట్టంలోంచి తీసిన కడ్డీ బూడిదరంగు, మధ్యలో అరచెయ్యి వెడల్పున ముదురు పొర, దీపం పడితే మిలమిల. ఇంకా దింపాం. మూడు మీటర్ల దాకా పొర ఆగలేదు.

ఎవరమూ కేకలు వెయ్యలేదు. మూతపెట్టి, మోసుకొచ్చి, మిషను ముందు కూర్చున్నాం. అక్క నా వెనక నిలబడి నా భుజం పట్టుకుంది. ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

మొదటిసారి ఇరవై ఎనిమిది. గొట్టాలు కడిగి మళ్ళీ పోశాను. ఇరవై ఎనిమిది. ఇంకో కడ్డీ నుంచి. ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది మా నీళ్ళలో ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. నౌకలో లేదు, మా ఒంట్లో లేదు, చెమటలో లేదు. ఇది ఎక్కడినుంచో వచ్చి, ఎండ మొహం చూడకుండా ఇక్కడ పడి ఉన్న నీళ్ళు.

అక్క రేడియో మీట నొక్కి మైకు నా నోటి దగ్గర పెట్టింది. అవతల దమయంతి గారి గొంతు వినిపించింది. ఆవిడ వెనక ఊరంతా ఊపిరి బిగబట్టిన శబ్దం కూడా వినిపించింది. చెప్పాల్సినవి చాలా అనుకున్నాను, లోతు, బరువు, ఎన్ని ట్యాంకులు. ఒక్కటే వచ్చింది.

"ఈ నీళ్ళు మనవి కావండీ."

తర్వాత ఆవిడ, మెల్లగా, "మళ్ళీ చెప్పమ్మా," అంది.

"మనవి కావండీ. ఒక్క చుక్క కూడా మనది కాదు."